ఏడు బోల్టులు, అబద్ధాల బద్ద

అరమిల్లీ అనేది ఒక మనిషి పేరంటే ఆ పోత కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్ళెవరూ నమ్మరు. కొలత కదా అంటారు. కొలతే. కాకపోతే ఆ కొలత ముప్పై ఎనిమిదేళ్ళుగా చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, అచ్చుల షాపులో అటూ ఇటూ తిరుగుతూ అందరి ప్రాణాలూ తోడేస్తోంది. "అర మిల్లీ తేడా ఉంది, తీసి మళ్ళీ చెయ్యి." పొద్దున్నించి సాయంత్రం దాకా ఆమె నోట నానే మాట అదొక్కటే. ఎదుటివాడు నిన్న చేరినవాడా, వచ్చే వారం రిటైరయ్యేవాడా అని చూడదు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద ఇంజనీరుతో టై వంకరగా ఉందని చెప్పింది. అక్కడితో ఊరుకోక, ఎంత వంకరో కూడా చెప్పింది.

ఆమె పని చెక్కతో. యంత్రంలో ఏ భాగాన్నైనా పోత పొయ్యాలంటే ముందు దాన్ని చెక్కలో చెయ్యాలి. ఆ చెక్క అచ్చుని ఇసుకలో అదిమి తీసేస్తే గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. ఇంతవరకూ ఎవరికైనా తెలిసేదే. చిక్కల్లా ఎక్కడంటే, లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. కంచైతే మీటరుకి పదిహేను మిల్లీమీటర్లు. అచ్చుని ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటే పని తెమలదు కాబట్టి అచ్చులవాళ్ళ దగ్గర ఒక ప్రత్యేకమైన ఉక్కు స్కేలు ఉంటుంది. దాని మీద గీతలన్నీ ఉండాల్సినదానికంటే కాస్త ఎడంగా ఉంటాయి. అది మీటరు అందంటే నిజానికి మీటరూ పదిహేను మిల్లీమీటర్లన్నమాట. షాపులో దాన్ని అబద్ధాల బద్ద అంటారు.

ఆ బద్ద అరమిల్లీకి ఆరో వేలు. ఇంట్లో అల్మారా, భోజనాల బల్ల, కిటికీ తెరల కర్రలు, అన్నీ దాంతోనే కొలిచి తన చేత్తో చేసుకుంది. "మా అత్తగారిల్లు కొంచెం ధారాళంగా ఉంటుందండీ, వందకి ఒకటిన్నర వంతు ఎక్కువ" అని అల్లుడు నలుగురిలో వేళాకోళం చేస్తాడు. అతను అదే కార్ఖానాలో ఫిట్టరు. పెళ్ళికి ముందు ఆమె చేత షాపులో తిట్లు తిన్నాడు, పెళ్ళయ్యాక ఆదివారాలు ఇంట్లో కూడా తింటున్నాడు.

ఆ ఇంట్లో ఎవరికీ జంకని మనిషి ఒక్కరే, అరమిల్లీ తల్లి. ఎనభై నాలుగేళ్ళు. చూపు మసకే కాని నోరు మాత్రం కొత్త బ్లేడు. కూతుర్ని పేరుతో పిలవదు, అరమిల్లీ అని అసలే పిలవదు. "ఏమే" అంటుంది. ఆ ఒక్క మాటకి కార్ఖానాని గడగడలాడించే మనిషి "ఆఁ అమ్మా" అని లేచి నిలబడుతుంది.

ముసలావిడ కూడా ఆ కార్ఖానా మనిషే. యుద్ధం రోజుల్లో, పదిహేడేళ్ళప్పుడు, కోర్ షాపులో పనిచేసింది. పైపులాంటి బోలు వస్తువు పోసేటప్పుడు మధ్యలో ఖాళీ మిగలాలంటే అక్కడ గట్టి ఇసుక ముద్ద ఒకటి పెట్టాలి. అదే కోరు. నూనె కలిపిన ఇసుకని చిన్న పెట్టెల్లో కూరి, మెల్లగా తట్టి తీసి, పొయ్యిలో కాలుస్తారు. సన్నటి వేళ్ళకి బాగా లొంగే పని అని షాపు నిండా ఆడపిల్లల్నే పెట్టారు. ఇరవై ముగ్గురు. అందరూ పదహారుకీ ఇరవైకీ మధ్యవాళ్ళే. ఆ ఈడు పిల్లలు ఇరవై ముగ్గురు ఒకే గదిలో ఉంటే ఏమవుతుందో అదే అయ్యేది. నవ్వు. ఒకరికి మొదలైతే గది చివరిదాకా అంటుకునేది. ఎందుకు నవ్వుతున్నారో తెలియని వాళ్ళు మిగతావాళ్ళకంటే గట్టిగా నవ్వేవాళ్ళు. అసలు పేర్లు హాజరు పుస్తకంలోనే ఉండేవి. వాళ్ళలో వాళ్ళు పిచ్చుక, గడకర్ర, తూనీగ, ఆవులింత, వెక్కిళ్ళు. సూపర్‌వైజరుగారికి కూడా ఒక పేరుండేది. బాతు.

ఒకరోజు పిచ్చుక, బాతుగారి వెనకాలే ఆయన నడక నడిచింది. అందరూ నోట్లో కొంగు కుక్కుకున్నారు. ఒక్క పిల్లకి మాత్రం ఆగలేదు. పకపకా నవ్వేసింది. ఆయన గిర్రున తిరిగి, "నువ్వు బయటికి పో. ఆ ఇసుక గుట్ట వెనక నిలబడు. నవ్వు ఆగాకే లోపలికి రావాలి" అన్నాడు.

ఆ నవ్వు ఆగకముందే విమానాలొచ్చాయి.

ఒక్క బాంబు. కోర్ షాపులో ఒక్క గోడ మిగిలింది. ఇరవై ఇద్దరు పిల్లలు, బాతుగారు, ఎవరూ మిగల్లేదు. ఇసుక గుట్ట వెనక నిలబడిన పిల్లే ఇప్పుడు అరమిల్లీ తల్లి. అరవై ఏడేళ్ళుగా ఆవిడ ఈ కథ ఏడుస్తూ చెప్పిందే లేదు. చెప్పిన ప్రతిసారీ లేచి, పిచ్చుక నడిచిన బాతు నడక నడిచి చూపించేది, మోకాళ్ళు మాట విన్నంత కాలం. వినేవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు. ఆ తర్వాత నవ్విన మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ గోడ దగ్గర స్మారకం పెట్టాలని యూనియన్ వాళ్ళు అనుకున్నప్పుడు హెడ్డాఫీసు సంతోషంగా ఒప్పుకుంది. అడక్కుండానే నున్నటి నల్లరాయి చెక్కించి పంపింది కూడా. దాని మీద 'దేశం కోసం ప్రాణాలర్పించిన కార్మిక వీరులకు జోహార్లు' అని ఉంది. దాన్ని క్యాంటీన్లో మీటింగు పెట్టి చదివి వినిపిస్తే ముసలావిడ చేతికర్రతో నేల మీద రెండు దెబ్బలు కొట్టింది.

"అర్పించడమేంటి నాయనా? మమ్మల్ని ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే, అబ్బే, మాకు ఖాళీ లేదని చెప్పేవాళ్ళం కదా! పిచ్చుక ఆ సాయంత్రం జడకి రిబ్బను కొనుక్కోవాలనుకుంది. ఎర్రదా పచ్చదా అని పొద్దున్నించి మా బుర్రలు తినేసింది. అది ప్రాణాలర్పించే మొహమేనా?"

క్యాంటీను గొల్లున నవ్వింది. అప్పుడే తీర్మానమైపోయింది. పలక తామే పోసుకుంటారు, మాటలు తామే రాసుకుంటారు. ఇంట్లో పాడైన కంచు కుళాయిలు, అరిగిన బుష్షులు, తలుపు గొళ్ళేలు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి కొలిమి దగ్గర కుప్ప పోశారు. మాటల కోసం మూడు రోజులు కొట్టుకున్నారు. ఇసుకలో అచ్చులు అదిమే మౌల్డర్లు పద్యం కావాలన్నారు. పెయింటర్లు పావురం కావాలన్నారు. ఆఖరికి అందరూ అలిసిపోయి మూడు ముక్కల దగ్గర ఆగారు.

వీళ్ళు యుద్ధానికి వెళ్ళలేదు.
యుద్ధమే వీళ్ళ దగ్గరికి వచ్చింది.
ఇక ఎవరి దగ్గరికీ రాకూడదు.

కింద ఇరవై మూడు పేర్లు. పెద్ద అక్షరాల్లో పిచ్చుక, గడకర్ర వగైరా, వాటి కింద చిన్న అక్షరాల్లో అసలు పేర్లు. బాతుగారి పేరు కూడా ఉండాల్సిందేనని ముసలావిడ పట్టుబట్టింది. "ఆయన నన్ను బయటికి గెంటకపోతే ఈ మహాతల్లి పుట్టేదే కాదు" అని కూతుర్ని చూపించింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. రెండు పక్కలా నలిగేవాడు. "చూడండమ్మా" అన్నాడు అరమిల్లీతో. "ఆదివారం పది గంటలకి హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తారు. అప్పటికి గోడ మీద మీ పలక ఉంటే మీదే ఉంటుంది, నేనే చప్పట్లు కొడతాను. లేకపోతే రాయి ఎక్కిస్తాను. ఖాళీ గోడ మాత్రం ఆయనకి చూపించలేను. ఒకసారి ఎక్కింది మళ్ళీ దిగదు, అది మీకూ తెలుసు."

తెలుసు. అందుకే అరమిల్లీ పది వారాలు ఇంకో పని ముట్టుకోలేదు. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల అచ్చు. ఒక్కో అక్షరం చెక్కి, నున్న చేసి, అంటించింది. పలక ఏడు బోల్టుల మీద వేలాడాలి. నడిమిది ఒకటి, దానికి అటు మూడు, ఇటు మూడు. వాటికి కన్నాలు అచ్చులోనే పెట్టింది. గోడ మీద బోల్టులు దిగాల్సిన చోట్లు ఎవరినీ నమ్మక తనే కొలిచి, తనే పెన్సిలుతో గుర్తులు పెట్టింది. తాపీమేస్త్రి మంగళవారం ఆ గుర్తుల్లో బోల్టులు దింపి సిమెంటు పోశాడు. బుధవారం కంచు పోత. అచ్చు విప్పగానే పలక నున్నగా, ఎక్కడా చిన్న బొక్క లేకుండా బయటపడితే మౌల్డర్లు ఒకళ్ళనొకళ్ళు ఎత్తుకుని తిరిగారు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఎనిమిది మంది కలిసి ఆ పలకని గోడ దగ్గరికి ఎత్తారు.

నడిమి బోల్టు కన్నంలోకి వెన్నలో వేలు దిగినట్టు దిగింది. "శభాష్!" అన్నాడు అల్లుడు. మిగతా ఆరు బోల్టుల్లో ఒక్కటీ దిగలేదు.

"దించండి దించండి, చేతులు పోతున్నాయి!"

దించి చెక్క దిమ్మల మీద ఆనించారు. అరమిల్లీ వెంటనే తాపీమేస్త్రి మీద పడింది. "ఏమయ్యా, బోల్టులు జరిపావా?"

"నేనెందుకు జరుపుతానక్కా? నువ్వు పెట్టిన గుర్తుల్లోనే దింపాను. చూడు, నీ పెన్సిలు గీత కూడా చెరగలేదు. నాకు నీ చేత తిట్లు తినాలని సరదానా?"

గీత చెరగలేదు నిజమే. అల్లుడు తన స్కేలు తీసి కొలుస్తూ చెప్పాడు. నడిమి బోల్టు పక్కది కన్నం కంటే అయిదు మిల్లీమీటర్లు బయటివైపుకి జరిగి ఉంది. దాని పక్కది పది. చివరిది పదిహేను. రెండో వైపూ అంతే. అయిదు, పది, పదిహేను.

"ఇదేం వింతత్తయ్యా! తప్పు చేసినవాడెవడో కాని బలే పద్ధతిగా చేశాడు."

అరమిల్లీ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. జేబులోంచి ఉక్కు స్కేలు బయటికి తీసింది. దాని వంక చూసింది. గోడ వంక చూసింది. గోడ ఇటుకలూ సిమెంటూ. గోడ చల్లారి ముడుచుకోదు. పలక అచ్చుని కొలిచిన అబద్ధాల బద్దతోనే, అలవాటు కొద్దీ, గోడని కూడా కొలిచేసింది! పలకేమో బుద్ధిగా ముడుచుకుని సరైన కొలతకి వచ్చింది. గోడ ఎక్కడున్నది అక్కడే ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ళు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇన్నేళ్ళూ ఇంతమందిని తిట్టింది. ఇప్పుడు, ఈ ఒక్క పలక దగ్గర.

ఏడుస్తుందేమోనని అందరూ దగ్గరికి వచ్చారు. ఆమె భుజాలు కదిలాయి. ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని, గోడకి ఆనుకుని, నేల మీదికి జారి, కళ్ళజోడు ఒక పక్కకి జారిపోతుంటే నవ్వింది. అలా నవ్వడం అల్లుడు పెళ్ళిలో కూడా చూడలేదు. మాట రాక, స్కేలు అతని చేతికిచ్చి గోడ చూపించింది. అతను స్కేలు తిప్పి చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ స్కేలు చూశాడు. అతనూ పక్కనే కూలబడ్డాడు.

"అర మిల్లీ కాదు... పదిహేను మిల్లీలత్తయ్యా!"

"పదిహేనూ ముప్పావు" అంది ఆమె వెక్కుతూ. "సరిగ్గా చెప్పు అల్లుడూ."

అంతే. తాపీమేస్త్రికి అంటుకుంది, మౌల్డర్లకి అంటుకుంది, పలక మోసిన ఎనిమిది మందికీ అంటుకుంది. ఏడున్నరకి ఒక ఖాళీ గోడ ముందు పదిమంది పెద్దమనుషులు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆఫీసు వరండాలో, గోనెసంచిలో చుట్టిన నల్లరాయి తన వంతు కోసం ఎదురుచూస్తోంది. అది కంటపడేసరికి నవ్వు మెల్లగా దిగింది.

"బోల్టులు పీకి మళ్ళీ దింపుదామా?" అన్నారెవరో.

"సిమెంటు ఆరడానికి రెండు రోజులు" అన్నాడు తాపీమేస్త్రి.

"నడిమి బోల్టు ఒక్కదానికి తగిలించేద్దాం."

"నూటయాభై కిలోలు! కింద పిల్లలు తిరుగుతారు. దాని కింద నీ పిల్లని నిలబెడతావా?" అని అల్లుడు కసిరాడు. అతనికి ఎనిమిది నెలల పాప ఉంది. పాప పుట్టిన దగ్గర్నించి ఏ బరువైన వస్తువు చూసినా అది ఎవరి నెత్తిన పడుతుందోనని లెక్కలు వేస్తుంటాడు.

అరమిల్లీ లేచి చీర దులుపుకుంది. "కన్నాలు సాగదీద్దాం. బయటికి గీకుదాం. ఆకురాళ్ళు ఎన్నున్నాయి?"

కరెంటు గ్రైండరు స్టోరులో ఉంది. స్టోరుకి తాళం ఉంది. తాళంచెవి స్టోర్ కీపరు జేబులో ఉంది. ఆ మహానుభావుడు మీటింగుకి సరిగ్గా పదికే వస్తాడు, ముందు రాడు, అది కార్ఖానా పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ. ఫిట్టర్ల సంచుల్లో వెతికితే లోహాన్ని అరగదీసే గుండ్రటి ఆకురాళ్ళు ఆరు దొరికాయి. ఆరు కన్నాలకి ఆరు. అల్లుడు మనసులో లెక్క వేసుకున్నాడు. పన్నెండు మిల్లీమీటర్ల మందం కంచు. ఒకే మనిషి గీకితే మధ్యాహ్నం దాకా పడుతుంది, పావుగంటకే చెయ్యి లాగేస్తుంది. కాని చేతులు మారుతూ, ఆకురాయి మాత్రం ఆగకుండా ఉంటే?

"మనిషికి ముప్పై గీకులు!" అని కేకేశాడు. "ముప్పై అవగానే వెనకవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఎక్కువ గీకితే ఊరుకోను!"

ఎనిమిదింటికల్లా మనుషులు రావడం మొదలైంది. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తలలు, మీటింగుకి వచ్చినట్టే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వరసలో నిలబడ్డారు. ఆరు కన్నాల ముందు ఆరు వరసలు. రిటైరైన మౌల్డర్లు, క్యాంటీను వంటావిడ, గేటు కాపలాదారు, ఆవులింత చెల్లెలి కొడుకు, తూనీగ అన్న మనవరాలు. ఆకురాయి జన్మలో పట్టుకోని టైపిస్టు, ముందుకి తోసేటప్పుడు నొక్కి వెనక్కి లాగేటప్పుడు వదలాలని వరసలో వెనకున్న ముగ్గురు ఒకేసారి చెప్తుంటే, కంగారులో అంతా తిరగేసి చేసింది.

"ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై! దిగు దిగు!"

"ఇంకా ఇరవై అయిదే!"

"నీ లెక్క అరమిల్లీ అక్క కొలతలా ఉంది, దిగవయ్యా బాబూ!"

ఆ మాటకి ఆరు వరసలూ ఘొల్లుమన్నాయి. అందరికంటే గట్టిగా అరమిల్లీయే నవ్వింది. తప్పు ఎవరిదని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే తనే ఎదురెళ్ళి చెప్పింది, స్కేలు చూపించి మరీ చెప్పింది. చెప్పిన కొద్దీ ఒళ్ళు తేలికైపోతోంది. ఇన్నేళ్ళూ తను తిట్టినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి, "తీసి మళ్ళీ చెయ్యక్కా" అని ఆమె మాటే ఆమెకి అప్పజెప్పి పోతున్నారు. ఒకాయనైతే ఆ ఒక్క ముక్క అనడానికి వరసలో తన వంతు వదులుకుని వచ్చాడు.

కంచు పొడి గాల్లో లేచి అందరి మీదా వాలింది. చేతుల మీద, కనుబొమల మీద, ఇస్త్రీ చొక్కాల మీద, ముసలివాళ్ళ బట్టతలల మీద బంగారు రంగు. ఎండ పడితే ఒక్కొక్కళ్ళూ తళతళమంటున్నారు.

తొమ్మిదింటికి అల్లుడి భార్య పాపని చంకనేసుకుని, అమ్మమ్మని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. అదే సమయానికి మేనేజరు వచ్చాడు. చేతి గడియారం చూసుకుంటూ, వేలెత్తి, "ఏంటిది, ఇంకా గంటే..." అని మొదలుపెట్టాడు.

"ఒక్క నిమిషం పట్టుకోండి సార్, ఇక్కడ పొడి ఎగురుతోంది, పాప కళ్ళలో పడుతుంది" అని ఆ పిల్ల పాపని ఆయన చేతుల్లో పెట్టి వరసలోకి వెళ్ళిపోయింది. ఆయన ఎత్తిన వేలు పాప పట్టుకుంది. వేలు పాప గుప్పిట్లో ఉండగా ఎవరినీ దబాయించడం కుదరదు. ఆయన పాపని పొడికి దూరంగా తీసుకెళ్ళి అటూ ఇటూ తిరగసాగాడు. కాసేపటికి గడియారం కూడా పాపే చూస్తోంది.

ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వరసలన్నీ దాటుకుని ముందుకొచ్చింది. "నా ముప్పై నాకివ్వండర్రా."

"అమ్మా, నువ్వు కూర్చో. మోచేయి నొప్పి అన్నావుగా" అంది అరమిల్లీ.

"ఏమే, తప్పు చేసినదానివి నువ్వు నాకు చెప్తున్నావా? జరుగు."

జరిగింది. ముసలావిడ రెండు చేతులతో ఆకురాయి పట్టుకుంది. అందరూ లెక్కపెట్టారు. ఒకటి. రెండు. మూడు. ఒక్కో గీకుకీ ఊపిరి పీల్చుకుంటూ గీకింది. పన్నెండు దగ్గర ఆగింది. చాలనుకున్నారు. కొంగుతో మొహం తుడుచుకుని పదమూడు గీకింది. ముప్పై పూర్తయ్యేసరికి అక్కడ ఎవరూ నవ్వడం లేదు, అరవడం లేదు. ఆవిడే వెనక్కి తిరిగి, "ఏం, నిద్రపోయారా? తర్వాత ఎవరు?" అంది. మళ్ళీ గోల మొదలైంది.

పదికి పది నిమిషాలుండగా మేనేజరు పాపని ఎత్తుకునే సైగ చేశాడు. నలుగురు మనుషులు నల్లరాయిని తోపుడు బండి మీదికి ఎక్కించి ఇటు తోసుకు రావడం మొదలుపెట్టారు. బండి చక్రాల కిర్రు అందరికీ వినపడింది.

"ఎత్తండి!" అన్నాడు అల్లుడు.

ఈసారి ఎనిమిది మంది కాదు, పలక అంచు అందిన ప్రతివాడూ చెయ్యి వేశాడు. నడిమిది దిగింది. దాని పక్కవి దిగాయి. వాటి పక్కవి దిగాయి. ఎడమ చివరిది దిగింది. కుడి చివరిది, ఏడో బోల్టు, కన్నం అంచుకి ఆనుకుని ఆగిపోయింది.

అల్లుడు తొంగి చూశాడు. "అర మిల్లీ అడ్డుందత్తయ్యా. దించి మళ్ళీ..."

దించితే మళ్ళీ ఎత్తడానికి టైము లేదు. బండి ఇసుక గుట్ట దాటేసింది. అందరి కళ్ళూ అరమిల్లీ మీదే ఉన్నాయి. ఆమె పలక వంక చూసింది, బండి వంక చూసింది, సంచిలోంచి చెక్క సుత్తి తీసి అల్లుడి చేతికిచ్చింది.

"కొట్టు!"

"అత్తయ్యా, కొలత..."

"గంగలో కలవనీ కొలత! కొట్టు!"

కొట్టాడు. మొదటి దెబ్బకి కదిలింది, రెండో దెబ్బకి దిగింది. పలక అంతా గోడకి అతుక్కుని 'ఠంగ్'మని మోగింది. జనం వేసిన కేకకి మేనేజరు చేతుల్లో పాప ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అని ఆలోచించి, కేరింత కొట్టింది.

నట్లు బిగిస్తుండగానే హెడ్డాఫీసు పెద్దాయన కారు దిగాడు. చేతిలో మడత పెట్టిన కాగితాలు. ఎదురుగా రెండొందల మంది మనుషులు, ఆపాదమస్తకం బంగారు పొడి పూసుకుని, రొప్పుతూ, పళ్ళికిలిస్తూ నిలబడి ఉన్నారు. ఆయన ఏమనుకున్నాడో కాని గొంతు సవరించుకుని కాగితం విప్పాడు. "దేశం కోసం ప్రాణాలర్పించిన..." అని గోడ వంక చూశాడు. అక్కడ అలా లేదు. ఆయన ఆగిపోయాడు. పెదవులు కదుపుతూ లోపల్లోపల చదువుకున్నాడు.

"పైకి చదువు నాయనా" అంది ముసలావిడ. "నాకు కళ్ళు కనపడవు. అక్కడేం రాశారో నాకూ వినాలని ఉంది."

ఆయన చదివాడు. వీళ్ళు యుద్ధానికి వెళ్ళలేదు. యుద్ధమే వీళ్ళ దగ్గరికి వచ్చింది. ఇక ఎవరి దగ్గరికీ రాకూడదు. ఆ తర్వాత పేర్లు. "గడకర్ర" అని సందేహంగా ఆగాడు, తప్పు చదివానా అన్నట్టు. "అదే, అదే, కానీ" అంది ముసలావిడ. తూనీగ. ఆవులింత. వెక్కిళ్ళు. వెక్కిళ్ళు దగ్గర ఆయనకే నవ్వొచ్చి, పెద్దమనిషి కాబట్టి దగ్గులోకి దింపుకున్నాడు. జనం మాత్రం దాచుకోలేదు. ఒక్కో పేరుకీ ఒక్కో మూల నుంచి, మా పెద్దమ్మ, మా మేనత్త, మా అమ్మమ్మ చెల్లెలు అని కేక వేస్తున్నారు. బాతు అన్నప్పుడు ఎవరూ కేక వెయ్యలేదు. ముసలావిడే చెయ్యెత్తింది. "మావాడే." ఆఖరున పిచ్చుక అన్నప్పుడు కూడా ఆవిడే చెయ్యెత్తింది. ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.

పెద్దాయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను చెప్పాల్సింది ఇంకేమీ లేదు" అన్నాడు. ఆ కార్ఖానాలో హెడ్డాఫీసు మనిషి చేసిన ఉపన్యాసాల్లోకెల్లా పొట్టిదీ, ఎక్కువ చప్పట్లు పడ్డదీ అదే. మేనేజరు మాట ఇచ్చినట్టే చప్పట్లు కొట్టాడు, చేతుల్లో పాప ఉంది కాబట్టి పాప చేతులతో కొట్టించాడు.

తోపుడు బండి పక్కన నలుగురు మనుషులూ ఎటూ పోలేక నిలబడ్డారు. "సార్, మరి ఈ రాయిని ఏం చెయ్యమంటారు?"

మేనేజరు పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన గోడ వంక చూశాడు. ఇద్దరూ ఏమీ అనకముందే ముసలావిడ అంది:

"గోడ కింద నీడగా ఉంది కదా, అక్కడ రెండు దిమ్మల మీద వెయ్యండి. రాసినవైపు కిందికి పెట్టండి. పొద్దున్నించి నిలబడీ నిలబడీ నా కాళ్ళు పీకుతున్నాయి. ఎలాగూ మా కోసమే చేయించారు కదా!"

రాయిని బోర్లా వేశారు. మంచి రాయే, నున్నగా, చల్లగా ఉంది. ముసలావిడ దాని మీద కూర్చుని, వెనక్కి వాలి, తల పక్కనున్న అక్షరాల మీద వేళ్ళు పెట్టి మెల్లగా ఒక్కో పేరూ తడుముకుంటూ పోయింది. కావాల్సిన పేరు దొరికాక చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో పక్కన ఖాళీ జాగా తట్టింది.

"ఏమే, వచ్చి కూర్చో. ఆ కారు దిగినాయన్ని కూడా రమ్మను, పాపం నిలబడే ఉన్నాడు. జరగండర్రా, ఇంకా ముగ్గురికి చోటుంది."